ఊకెనే పోయి చూసి రావడం

మా ఆడబిడ్డ కూతురు పుణెలో చదువుకుంటోంది. ఎండాకాలం సెలవులకు తెలంగాణ సరిహద్దును ఆనుకొని మహారాష్ట్రలో ఉన్న మా ఊరు ధర్మాబాద్ వచ్చినప్పుడు తన లాప్‌టాప్‌లో నాలుగు ఇంగ్లీషు సినిమాలు వేసుకొచ్చింది. "అత్తా, ఆడవాళ్ళ దోస్తీ మీద ఇంతకన్నా ఏడిపించే సినిమాలు లేవంట. దస్తీ దగ్గర పెట్టుకొని చూడు" అని నా చేతిలో పెట్టింది. ఇంట్లో అందరూ పడుకున్నాక, రోజుకొకటి చొప్పున నాలుగు రాత్రులు వంటింట్లో కూర్చొని చూశాను. దస్తీ సరిపోలేదు, కొంగు కూడా తడిసింది.

ఐదో రోజు పొద్దున జొన్నరొట్టెలు చేస్తుంటే ఒక సంగతి తట్టి చెయ్యి ఆగిపోయింది. నాలుగు సినిమాల్లోనూ చివరికి స్నేహితురాలు చచ్చిపోతుంది. నాలుగింటికి నాలుగు.

బీచెస్ (1988)లో చిన్నప్పుడు సముద్రపు ఒడ్డున కలిసిన ఇద్దరు పిల్లలు ముప్పై ఏళ్ళు ఉత్తరాలతోనూ అలకలతోనూ స్నేహం నిలుపుకుంటారు. తర్వాత ఒకామెకు గుండెజబ్బు వస్తుంది. స్టీల్ మాగ్నోలియాస్ (1989)లో ఒక చిన్న ఊరి బ్యూటీపార్లర్‌లో చేరే ఆరుగురు ఆడవాళ్ళు. కొత్తగా పెళ్ళయిన పిల్ల షుగర్ జబ్బు ముదిరి పోతుంది. ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్ (1991)లో క్యాన్సర్. అదే ఏడాది వచ్చిన థెల్మా అండ్ లూయీస్‌లో జబ్బు లేదు, కానీ ఇద్దరూ చేతులు పట్టుకొని కారుతో సహా లోయలోకి వెళ్ళిపోతారు.

మొదట వచ్చింది కోపమే. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ప్రేమ ఉందని నమ్మించాలంటే ఒకరి శవం చూపించాలా? మగవాళ్ళ స్నేహానికి సినిమా ఇలాంటి పన్ను వెయ్యదు. ఆర్ఆర్ఆర్ (2022)లో ఆ ఇద్దరూ దోస్తులు కావడానికి వంతెన మీది నుంచి ఒక చేతి సైగ చాలింది. ఆ తర్వాత వాళ్ళు కలిసి తిరిగారు, తిన్నారు, ఆడారు, ఎందుకు తిరుగుతున్నారని ఇంట్లో అడిగినవాళ్ళు లేరు. మన తెలుగు సినిమాలో హీరోయిన్ స్నేహితురాలికి ఉండే పని మాత్రం మీకు తెలిసిందే. ఉత్తరం అందించాలి, హీరో వచ్చాడని చెప్పాలి, పాట మొదలయ్యేసరికి పక్కకు తప్పుకోవాలి. 1963లోనే డాక్టర్ పి. శ్రీదేవి నవల 'కాలాతీత వ్యక్తులు' ఆధారంగా 'చదువుకున్న అమ్మాయిలు' తీసి, ముగ్గురు అమ్మాయిలను కథకు ముందు నిలబెట్టిన భాష మనది. ఆ దారిన నడిచిన సినిమాలు తర్వాత ఎన్ని వచ్చాయో లెక్కపెడితే రెండు చేతుల వేళ్ళు అక్కర్లేదనిపిస్తుంది.

ఈ కోపమంతా మా యారాలి (తోడికోడలి) ముందు వెళ్ళగక్కాను. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. బియ్యంలో రాళ్ళు ఏరుతూ అంతా విని, "సావు లేకుంటే ఆమె దగ్గరికి ఈమె ఎట్ల పోతది, చెల్లె?" అంది.

ఆమె సినిమా గురించే అంది. నేను మాత్రం ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఆస్పత్రి మంచం

నాకొక దోస్తు ఉంది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే బెంచీ. మా ఇద్దరికీ అక్షరాభ్యాసం సరిహద్దు అవతల బాసరలో తెలుగులో జరిగింది, బడి చదువు ఇవతల మరాఠీలో సాగింది. లెక్కలు మరాఠీలో చేసేవాళ్ళం, తగువులు తెలుగులో పడేవాళ్ళం. ఆమెకు నిజామాబాద్ పక్క ఊరి సంబంధం కుదిరింది. నాకు ఉన్న ఊళ్ళోనే మేనరికం. మా రెండు ఇళ్ళ మధ్య రైలెక్కితే గంట.

పోయినేడాది ఆమెకు గర్భసంచి ఆపరేషన్ అయిందని ఫోన్ వచ్చింది. నేను ఇంకా నోరు తెరవకముందే మా అత్తమ్మ, "పో బిడ్డా, పోయి చూసి రా. పానం బాగలేనప్పుడు పోకుంటే ఎట్ల?" అని సంచి తీసింది. తనే బత్తాయిలు పెట్టింది, పాతచీర మడిచి పెట్టింది. మా ఆయన బండి మీద స్టేషన్‌కు తీసుకెళ్ళి టికెట్ తీసిచ్చాడు. "రాత్రి అక్కడే ఉండు, పొద్దున రావచ్చు" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒక్కదాన్నే వేరే ఊళ్ళో ఒక రాత్రి ఉండడం అదే మొదలు. అదీ నేను అడగకుండానే దొరికింది.

ఆ రాత్రి వార్డులో లైట్లు తగ్గించాక, ఆమె మంచం పక్కన స్టూలు వేసుకొని కూర్చున్నాను. తొమ్మిదో తరగతిలో బడి ఎగ్గొట్టి టికెట్ లేకుండా బాసర రైలెక్కిన రోజు గుర్తొచ్చింది. టీసీ పేరు అడిగితే ఈమె తడుముకోకుండా మా హిందీ టీచరమ్మ పేరు చెప్పింది. ఆ మాట ఎత్తగానే ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఆమె తలదిండు తీసి పొట్టకు అదుముకుంది. "కుట్లు పీకుతున్నయే, నవ్వియ్యకు, నీ కాళ్ళు మొక్కుత" అంటూనే నవ్వుతోంది. పక్క మంచం మీది ముసలామె లేచి కూర్చొని మమ్మల్ని చూసి తనూ నవ్వడం మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే. నవ్వు తగ్గాక ఆమె నా చెయ్యి పట్టుకొని, దిండు అలాగే అదిమి పెట్టుకొని అంది, "ఆపరేషన్ అయిందే మంచిగైంది. లేకుంటే నువ్వొస్తుంటివా?"

నేను జవాబు చెప్పలేదు. వచ్చేదాన్ని కాదు. అంతకు ముందు నాలుగేళ్ళు వెళ్ళలేదు కదా.

ఇప్పుడు ఆ నాలుగు సినిమాలను మళ్ళీ తలుచుకుంటే కోపం మునుపటిలా నిలవడం లేదు. పెళ్ళయిన ఆడది ఇంకో ఆడదాన్ని చూడడానికి వెళ్ళాలంటే లోకం ఒప్పుకునే కారణాలు నాలుగైదే: పెళ్ళి, పురుడు, ఆపరేషన్, చావు. వీటిలో ఏదీ లేకుండా వెళ్తానంటే "ఏం పని?" అని అడుగుతారు. తిట్టరు, కొట్టరు, ఊరికే అడుగుతారు. ఆ అడగడంలోనే సగంమంది ఆగిపోతారు. సినిమా రాసేవాళ్ళు చావును తెచ్చి పెడుతున్నది ఏడిపించడానికే అనుకున్నాను. ఆమె దగ్గరికి ఈమెను పంపడానికి వాళ్ళకు కూడా వేరే దారి దొరకలేదని ఇప్పుడు అనిపిస్తోంది. థెల్మా కూడా ఇల్లు కదిలేముందు మొగుణ్ణి అడగలేకపోయింది, చీటీ రాసిపెట్టి బయల్దేరింది. రెండు రోజుల సరదా ప్రయాణం కోసం. ఆ చీటీ సీను చూసినప్పుడు నాకు లోయ సీను కన్నా ఎక్కువ దిగులేసింది.

స్టీల్ మాగ్నోలియాస్ విషయంలో నేను ఇంకో మెట్టు దిగాలి. దాన్ని మొదట నాటకంగా రాసిన రాబర్ట్ హార్లింగ్ సొంత చెల్లెలు 1985లో షుగర్ జబ్బుతోనే చనిపోయింది. ఆ దుఃఖంలోంచి రాశాడు. ఇంట్లో జరిగిన చావును రాసుకున్న మనిషిని పట్టుకొని ఏడిపించడానికి ఎత్తు వేశాడంటే పాపం. పైగా ఆ నాటకం మొదటి నుంచి చివరిదాకా బ్యూటీపార్లర్‌లోనే నడుస్తుంది, స్టేజీ మీద ఒక్క మగవాడూ కనిపించడు. మగవాళ్ళు సినిమాలోకే వచ్చారు. అంటే అతనికి అసలు కనిపించింది చావు ఒక్కటే కాదు, ఆ ఆడవాళ్ళు వారం వారం కూర్చునే గది కూడా. స్మశానంలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవర్నయినా కొట్టాలని ఉందని అరుస్తుంది. అప్పుడు ఒకామె పక్కనున్న స్నేహితురాలిని ముందుకు తోసి ఈమెను కొట్టు అంటుంది. ఏడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారిగా నవ్వేస్తారు. దిండు అదుముకొని నవ్విన నా దోస్తు ముఖం అందులో కనిపించింది. కల్పించి రాస్తే రాని సీను అది.

పుట్టిల్లు మూతపడితే

ఒక మాట అంటారు: ఇప్పుడు చేతిలో ఫోన్ ఉంది కదా, రోజూ మాట్లాడుకోవచ్చు, ఇంత బాధ ఎందుకు అని. మాట్లాడుకుంటాం. వాట్సాప్‌లో పొద్దున్నే పువ్వుల బొమ్మ పంపుకుంటాం. కానీ ఆమె "హలో" అన్న తీరును బట్టే ఆ గదిలో ఇంకెవరైనా ఉన్నారో లేదో నాకు తెలిసిపోతుంది. ఉంటే మా మాటలు ఇవి: తిన్నవా, పిల్లలు మంచిగున్నరా, వాన పడ్డదా. ఎవరూ లేకపోతే ఆమె గొంతు కిందికి దిగుతుంది. అప్పుడు రెండు నిమిషాలు నిజంగా మాట్లాడుకుంటాం, ఇంతలో తలుపు చప్పుడవుతుంది, మళ్ళీ వాన పడ్డదా. పదిహేనేళ్ళుగా మేం వానల గురించి మాట్లాడుకున్నంత రైతులు కూడా మాట్లాడుకొని ఉండరు.

మొదట్లో ఇలా ఉండేది కాదు. బతుకమ్మకు ఆమె పుట్టింటికి వచ్చేది. ఎంగిలిపూల నాడు దిగితే సద్దుల దాకా ఉండేది. తొమ్మిది రోజులూ గునుగు, తంగేడు, బంతి పేర్చడం, చీకటి పడ్డాక వాడకట్టు ఆడవాళ్ళమంతా చప్పట్లు కొట్టుకుంటూ గుండ్రంగా తిరగడం. ఎన్ని తరాల కిందట గోదావరి దాటి వచ్చామో తెలియని కుటుంబాలు కూడా మా దగ్గర ఆ తొమ్మిది రోజులు వదలవు. చుట్టూ తిరుగుతున్నప్పుడు ఆమె నా పక్కనే ఉండేది. పాట పెద్దవాళ్ళది, పాట కింద మా గుసగుసలు మావి. "ఉయ్యాలో" అని అందరూ ఎత్తుకున్నప్పుడు ఆమె అత్తగారి సంగతి చెప్పేది. మళ్ళీ పాట సన్నగా అయ్యేసరికి ఆగిపోయేది. ఒక కష్టం మొత్తం చెప్పడానికి మూడు పాటలు పట్టేవి.

తర్వాత వాళ్ళ నాన్న పోయాడు. రెండేళ్ళకు అమ్మ పోయింది. ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నారు. ఆమెను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా పిలవలేదు. అమ్మ లేని పుట్టింటి మీద మనకు ఎన్ని పాటలున్నాయో! కానీ అమ్మ పోయినప్పుడు ఆడపిల్లకు దోస్తు కూడా పోతుందని ఒక్క పాటలోనూ విన్నట్టు గుర్తులేదు. పుట్టిల్లు మూతపడితే ఆ వాడకట్టు మొత్తం మూతపడుతుంది. ఆమెకు పక్కింటి జామచెట్టూ పోయింది, బావి గట్టూ పోయింది, నేనూ పోయాను. నేను మాత్రం ఇక్కడే, ఆ ఇంటికి నాలుగిళ్ళ అవతలే ఉన్నాను.

మా ఊరి పక్కన బాబ్లీ బ్యారేజీ ఉంది. సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పి దాని గేట్లకు తారీఖులు పెట్టింది. జూలై 1న ఎత్తాలి, అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచాలి. ఆ నాలుగు నెలలూ గోదావరి అడ్డు లేకుండా తెలంగాణలోకి పోతుంది. గేట్లు ఎత్తే రోజు వంతెన మీద నిలబడి నీళ్ళను చూసినప్పుడల్లా మా ఇద్దరి సంగతే గుర్తొస్తుంది. మాకూ తారీఖులున్నాయి. ఎంగిలిపూల అమావాస్య నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. నది కోసం రెండు రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. మా తారీఖులు రద్దయితే అడిగే దిక్కు లేదు.

మా అమ్మకు కూడా ఒక దోస్తు ఉండేది. మా ఊరు మిరపకాయల బజారు. సీజన్‌లో ఆడవాళ్ళు షెడ్లలో కూర్చొని తొడిమలు తీస్తారు. ఎర్రటి రాశి చుట్టూ పది పన్నెండు మంది, ముక్కుకు కొంగు, దగ్గులు, తుమ్ములు. సాయంత్రం ఇంటికొస్తే అమ్మ వేళ్ళు మండుతుండేవి. నన్ను అన్నం కలిపి పెట్టమనేది, తన చెయ్యి నోట్లో పెట్టుకోలేక. అయినా పొద్దున తొమ్మిదింటికల్లా షెడ్డుకు పరిగెత్తేది. కూలి కోసమే అనుకునేదాన్ని. ఒకసారి నేను వెంట వెళ్ళినప్పుడు చూశాను. అమ్మ కూర్చోగానే పక్కన గోనెసంచి మడిచి పరిచి పెట్టింది. ఎవరో వచ్చి కూర్చోబోతే, "అది ఆమెది" అంది. ఆమె వచ్చేదాకా ఆ సంచి మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. ఆ గోనెసంచిని మించిన సినిమా సీను నేను ఇప్పటిదాకా చూడలేదు.

మరాఠీ వాళ్ళు వెతికిన దారి

2023 జూలైలో మా వాడకట్టు నుంచి పదకొండుమంది ఆడవాళ్ళం క్రూజర్ జీపు మాట్లాడుకొని నాందేడ్ వెళ్ళి 'బాయిపణ్ భారీ దేవా' చూసి వచ్చాం. మరాఠీలో బాయిపణ్ అంటే ఆడతనం. భారీ అంటే బరువూ అవుతుంది, గొప్పా అవుతుంది. రెండర్థాలూ పనికొచ్చేలా పెట్టిన పేరు. ఆ ఏడాది మరాఠీలో అంతగా ఆడిన సినిమా ఇంకోటి లేదు. ఆడవాళ్ళు ముక్కుకు నథ్ పెట్టుకొని, తొమ్మిది గజాల చీర కట్టుకొని గుంపులు గుంపులుగా వచ్చారు. ఆట అయిపోయాక తెర ముందుకు వెళ్ళి చేతులు పట్టుకొని ఫుగడీ తిరిగారు. మాలో ముగ్గురు కూడా వెళ్ళి తిరిగారు. అందులో ఒకరు మా యారాలు, యాభై దాటిన మనిషి.

కథలో ఎవరి సంసారంలో వాళ్ళు పడి దూరమైపోయిన ఆరుగురు అక్కచెల్లెళ్ళు మంగళాగౌరి ఆటల పోటీ కోసం మళ్ళీ ఒక్కచోట చేరతారు. శ్రావణ మంగళవారాల్లో కొత్త పెళ్ళికూతుళ్ళు నోచే నోము అది, రాత్రంతా ఆటలు. అంతకు ముందు 2021లో వచ్చిన 'ఝిమ్మా' పేరు కూడా ఆ ఆటల్లో ఒకదానిదే. అందులో ముక్కూ ముఖం తెలియని ఏడుగురు ఆడవాళ్ళు టూర్ బస్సులో ఇంగ్లండ్ చూడబోయి దగ్గరవుతారు.

ఆ అమెరికా సినిమాల్లో జబ్బు చేసిన పనిని ఇక్కడ పోటీ చేసింది, టూర్ చేసింది. ఇది నాకు చాలా సంతోషంగా అనిపించింది. కలవడానికి ఒకరు చావనక్కర్లేదు, ఒక ఆట చాలు అని చెప్పిన సినిమాలు అవి. ఆటను కూడా ఎక్కడి నుంచో తేలేదు, తమ నాయనమ్మలు ఆడినదాన్నే దుమ్ము దులిపి తెచ్చుకున్నారు. మన దగ్గర బతుకమ్మ ఉంది. సినిమాల్లో బతుకమ్మ కనిపిస్తుంది కూడా, ఒక పాటకు, రంగులకు, హీరోయిన్ పరిచయానికి. ఆ వలయంలో పక్కపక్కన తిరుగుతున్న ఇద్దరు ఏం మాట్లాడుకుంటున్నారో కెమెరా ఎప్పుడైనా దగ్గరికి వెళ్ళి విన్నదా?

అయినా ఒక వెలితి మిగిలింది. పోటీ అయిపోతే? టూర్ ముగిస్తే? నాందేడ్ నుంచి రాత్రి తొమ్మిదింటికి తిరిగొచ్చాం. జీపు దిగి ఎవరింటికి వాళ్ళం పోయాం. ఆ పదకొండుమందిమీ మళ్ళీ కలిసి బయటికి వెళ్ళింది నవంబర్‌లో, 'ఝిమ్మా 2' వచ్చినప్పుడు. అప్పుడు కూడా ఇంట్లో చెప్పడానికి సినిమా ఉంది. అందుకే ఏడుపు సినిమాలని, ఆడవాళ్ళ సినిమాలని ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది. వాళ్ళకు అది తెర మీది బొమ్మే. మాకు బయటికి వెళ్ళడానికి చెప్పుకోగలిగిన ఒక పని. చీకట్లో పదకొండుమంది ఒకేసారి ఏడుస్తున్నప్పుడు ఎవరు ఎవరి కోసం ఏడుస్తున్నారో అడిగేవాళ్ళు లేరు. ఇంటర్వెల్‌లో మా ఎదురింటామె సమోసా చేతిలో పట్టుకొని తినకుండా, "నాకు కూడా ఒకామె ఉండె, లాతూర్‌ల" అని మాత్రం చెప్పింది. ఇరవై ఏళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఎవరూ చావని సినిమా

చావు లేకుండా, పోటీ లేకుండా తీస్తే నిలబడుతుందా? నిలబడుతుందని 2024లో పాయల్ కపాడియా చూపించింది. 'ఆల్ వుయ్ ఇమాజిన్ ఆజ్ లైట్'. కాన్స్‌లో గ్రాండ్ ప్రి వచ్చిన సినిమా, మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి సంస్థ. ముంబైలో ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మలయాళీ నర్సులు, అదే ఆస్పత్రిలో వంట చేసే పార్వతి. బిల్డర్ ఇల్లు ఖాళీ చేయమంటే పార్వతి దగ్గర చూపించడానికి కాగితం ముక్క లేదు. సామాను సర్దుకొని కొంకణ్‌లోని సొంతూరికి వెళ్ళిపోతుంటే మిగిలిన ఇద్దరూ తోడు వెళ్తారు. సంచులు మోస్తారు. అంతే. ఎవరూ చావరు.

ఓటీటీలో వచ్చాక దీన్ని మా యారాలితో కలిసి చూశాను. నిజం చెప్పాలి, అరగంటకు ఆమె గోడకు తల ఆనించి నిద్రపోయింది. నాందేడ్ థియేటర్లో ఫుగడీ తిరిగిన మనిషి ఈమే. నేను కోరుకునే సినిమా నా పక్కన కూర్చున్న మనిషికే పట్టకపోతే నేను ఎవరి కోసం వాదిస్తున్నట్టు? ఈ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. ఏడుపు, ఆట, పాట ఉన్న సినిమా పదకొండుమందిని జీపెక్కించింది. ఇది ఒక్కదాన్నే నన్ను మేలుకొలిపింది.

కానీ ఆమె మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచింది. పెద్ద నర్సు మొగుడు జర్మనీలో ఉన్నాడు. ఫోన్ లేదు, ఉత్తరం లేదు. ఒకరోజు ఇంటికి ఒక ఎర్రటి రైస్ కుక్కర్ వస్తుంది. రాత్రి ఆమె నేల మీద కూర్చొని ఆ కుక్కర్‌ను ఒళ్ళోకి తీసుకొని గట్టిగా పట్టుకుంటుంది. మా యారాలు లేచి సరిగ్గా కూర్చుంది. సీను అయిపోయేదాకా చూసింది. "పక్కగదిల ఆ పిల్ల ఉన్నదిగా. ఆమెకు చెప్పుకోవచ్చుగా" అంది. మళ్ళీ నిద్రపోలేదు.

నేను అడిగేది చాలా చిన్నది. మన సరిహద్దు ఊళ్ళలో ఒక కథ. నలభై దాటిన ఇద్దరు ఆడవాళ్ళు, మధ్యలో గంట రైలు ప్రయాణం. ఒకామె ఇంకొకామెను చూడాలనుకుంటుంది. జబ్బు లేదు, పెళ్ళి లేదు, చావు లేదు. ఇది చెప్తే మా మేనకోడలు, "అందులో కథేముంది అత్తా?" అంది. కథ అంతా అడగడంలో ఉంది. ఎవరిని ముందు అడగాలి, ఏ పూట అడగాలి, అన్నం పెట్టేటప్పుడా, తిన్నాకనా? "ఏం పని?" అంటే ఏం చెప్పాలి? అబద్ధం చెప్పడానికి దగ్గర్లో ఏ పెళ్ళి ఉంది? వారం రోజులు ఈ టెన్షన్ మోసిన ఆడవాళ్ళకు బాంబు ఎప్పుడు పేలుతుందా అని చూసే సినిమా ఒక లెక్కా? మన రచయితలు ఈ వారం రోజులను ఒక్కసారి దగ్గరగా చూస్తే చాలు. ఆ సినిమాకు క్రూజర్ జీపులు కట్టుకొని వస్తాం.

మంగళవారం

ఇదంతా రాసుకుంటున్న రోజుల్లో నాకే అనిపించింది, సినిమా వాళ్ళను అడిగేముందు నేను వెళ్ళి రావచ్చు కదా అని. బతుకమ్మకు ఇంకా చాలా రోజులుంది. మామూలు మంగళవారం. పొద్దున చాయ్ ఇస్తూ అత్తమ్మతో అన్నాను, నిజామాబాద్ దిక్కు పోయొస్తా, నా దోస్తును చూసి వస్తా అని.

"ఏమైందట ఆమెకు?"

"ఏం గాలే, అత్తమ్మా."

"మరెందుకు?"

నేను ఏమీ అనలేదు. ఏ పెళ్ళీ నోటికి రాలేదు. అత్తమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి, అందులోకి చూస్తూ కాసేపు ఊరుకుంది. తర్వాత అంది, "మాదొకామె ఉండె, ముధోల్‌ల. పోదం పోదం అనుకుంటనే ఉంటి. ఆఖరుకు శవం మీదికి పోయిన." మళ్ళీ గ్లాసు తీసుకుంది. "పొద్దుగూకే వరకు వస్తవా?"

"వస్త."

"కారం తీసుకపో. మొన్న పట్టిచ్చింది మంచిగున్నది."

పదకొండున్నరకు ఆమె గుమ్మం ముందు ఉన్నాను. తలుపు తీసింది. చేతులకు పిండి అంటుకొని ఉంది. నన్ను చూడగానే ముఖం తెల్లబోయింది.

"ఎవరికేమైందే?"

"ఎవరికి ఏం గాలే. ఊకెనే వచ్చిన."

లోపలికి రమ్మంది, నీళ్ళిచ్చింది. పీట వేసి పుంటికూర కట్ట నా ముందు పెట్టి, రొట్టె చేసి వస్తానని వంటింట్లోకి వెళ్ళింది. నేను ఆకులు తుంచుతున్నాను. లోపల పెనం చప్పుడు వినిపించలేదు. మెల్లగా ఫోన్ మాట్లాడుతున్న గొంతు వినిపించింది, మా ఆయనతో.

"బావా, ఇంట్ల అందరు మంచిగున్నరా? నిజం చెప్పు. అది ఒక్కతే వచ్చింది. ఏం చెప్తలేదు."